చుట్టంగా చేరిన ఇల్లు

మద్రాసు విడిచి నెల్లూరు వెళ్ళిపోతున్నానని నలుగురికీ చెప్పిన నాటినుంచి జయరామయ్యకు సలహా ఇవ్వనివాడు లేడు. మైకా ఎగుమతి చేసే ఆ కంపెనీలో అతడి తోటి గుమాస్తాలలో నెల్లూరు ముఖం చూసినవారు ఇద్దరో ముగ్గురో ఉంటే, చూడనివారే ఎక్కువ చెప్పారు. అక్కడ మొలగొలుకుల బియ్యం తిన్న నోటికి మరో అన్నం రుచించదని ఒకరన్నారు. ఊరికి పడమట సముద్రంలాంటి చెరువుందనీ, సాయంకాలం ఆ గాలి తగిలితే ఇక వైద్యుడితో పని ఉండదనీ మరొకరు చెప్పారు. ఆ చెరువే అక్కడి దోమలకు పుట్టిల్లనీ, చలిజ్వరం తగలకుండా ఒక్క కార్తికం గడిపినవాడు లేడనీ ఇంకొకరు భయపెట్టారు. మద్రాసులో ఒక్క గదికిచ్చే అద్దెకు నెల్లూరులో పెరడూ బావీ ఉన్న ఇల్లు వస్తుందన్న మాటమీద మాత్రం అందరూ ఏకీభవించారు. అంత చౌకగా ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పలేదు. జయరామయ్యా అడగలేదు. అందివచ్చిన దాన్ని పట్టుకుని నీకేమి లోపముందని ప్రశ్నించడం అతడి స్వభావం కాదు.

బదిలీకి అర్జీ పెట్టి ఏడాది ఎదురుచూస్తే, ఉత్తర్వు వచ్చేసరికి భార్య వెంకటశేషమ్మకు ఐదో నెల నడుస్తున్నది. అంతకుముందు ఇద్దరు బిడ్డలు కలిగి దక్కలేదు. మొదటి బిడ్డ పురిటి నీళ్ళు పోసే లోపలే కన్ను మూసింది. రెండో బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టింది. మొదటి కాన్పుకు ఆమె పుట్టింట్లో ఉండగా తండ్రి పెరట్లో ధాన్యానికి పాతర తవ్వించాడు. రెండోసారి ట్రిప్లికేన్‌లో ఇంటి యజమాని కరెంటు తీగ కోసం గోడకు వరసగా మేకులు కొట్టించాడు. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో మట్టి తవ్వరాదు, మేకు కొట్టరాదు, ఆమె భర్త కొత్త ఇంట్లో పాలు పొంగించరాదు, ఆమె ఏరు దాటరాదు. ఇవి నెల్లూరు జిల్లాలో ప్రతి ముసలావిడా చెప్పే మాటలే. అయితే వెంకటశేషమ్మకు అవి విన్న మాటలు కావు, తగిలిన దెబ్బలు.

మరి ఇల్లు మారడమెట్లా అన్న చిక్కును ఆమె అన్న మాల్యాద్రి విప్పాడు. అతడు కోవూరు దగ్గర వ్యవసాయం చేస్తాడు. చెల్లెలి సంగతి తెలిసి మద్రాసుకు వచ్చి, కాఫీ తాగుతూ మార్గం చెప్పాడు.

“ఇందులో ఏముంది బావా, పాలు నేను పొంగిస్తా. ఇల్లు నాదనుకో. నా చెల్లెలు అన్న ఇంటికి వచ్చినట్టు వస్తుంది. నువ్వు దాని వెంట వస్తావు.”

“వెంట అంటే?”

“చుట్టంగా. కాన్పై పురుడు పోసినాక నీ పేరు మీద మళ్ళీ పాలు పొంగించుకో. అందాకా నువ్వు ఆ ఇంటికి అల్లుడివి.”

“బాడుగ నేనిచ్చేది, అల్లుణ్ణీ నేనేనా?”

“బాడుగ కట్టే అల్లుడు దొరకడం మా వంశంలో ఇదే తొలిసారి” అన్నాడు మాల్యాద్రి గ్లాసు కింద పెట్టి.

జయరామయ్య బి.ఏ. పట్టభద్రుడు. తర్కశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. ఈ ఏర్పాటు విని నవ్వాడు. కాని భార్య ముఖంలోకి చూసి ఆ నవ్వును మధ్యలోనే ఆపుకున్నాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడో ఏడు శ్రావణంలో, చెరువు కట్ట కింది వరసలో అద్దెకు కుదిరిన ఆ పెంకుటింటి ముంగిట మాల్యాద్రి నిలబడి బావకు కాళ్ళకు నీళ్ళిచ్చి, “రా బావా, లోపలికి రా” అని పిలిచాడు. లోపల అతడి భార్య పాలు పొంగించి ఉంచింది. బదిలీ ఉత్తర్వు జేబులో పెట్టుకుని జయరామయ్య కాళ్ళు కడుక్కుని, తాను అద్దె ఇచ్చే ఇంట్లోకి చుట్టంగా అడుగుపెట్టాడు.

ఆ వరస వాళ్ళకు సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కింటి పెంచలమ్మ పెద్ద వయసు మనిషి. కొడుకులు వేరే ఊళ్ళలో వ్యాపారాలు చేసుకుంటున్నా, కట్ట కిందిగాలి లేకపోతే నిద్ర పట్టదని అక్కడే ఉండిపోయింది. ఉదయం అతడు గొడుగు పట్టుకుని ఆఫీసుకు బయలుదేరితే అరుగు మీదనుంచి పలకరించేది.

“ఏం చుట్టమా, ఇంకా ఉండావా? మూడు పూటలు దాటితే చుట్టానికి చులకనంటారే.”

“ఉన్నానండీ” అని అతడు మర్యాదగానే బదులు చెప్పేవాడు. మలుపు తిరిగేదాకా మెడ వెనక వేడిగా ఉండేది.

చెప్పుకోవాలంటే ఊరు మంచిదే. బావి నీళ్ళు తియ్యన. సాయంకాలం కట్ట ఎక్కితే ఎర్రబడ్డ నీటి మీద కొంగలు బారులు తీరి పోయేవి. మద్రాసులో కూర్చుంటే మోకాలు గోడకు తగిలేది. ఇక్కడ చేతులు బార్లా చాపి నిద్రపోవచ్చు. కాని ఇంట్లో ఒక్క మేకు లేదు. చొక్కాలు తలుపు రెక్క మీద వేలాడేవి. అద్దం కిటికీలో ఆనించి ఉండేది. కేలండరు బియ్యం డబ్బా మీద చుట్ట చుట్టుకుని పడుకునేది. ఇక గోడల మీద, మనిషి పిక్క ఎత్తున, నాలుగు గదులలోనూ ఒకే మట్టాన ఒక తెల్లని చార కనిపించేది. సున్నం వేసినా మళ్ళీ పైకి తేలేది. ఒకనాడు పెంచలమ్మను అడిగాడు.

“అది చెరువు గీసిన గీత నాయనా” అన్నదామె. “చెరువు నిండితే నీళ్ళు కట్ట దాటి రావు. కట్ట కిందనించి వస్తాయి. నేలలో ఊరి, నట్టింట్లో తేలతాయి. చెప్పా పెట్టకుండా వచ్చి కూర్చుంటాయి, చుట్టాల మాదిరిగా.”

“అందుకా ఇల్లు చౌకగా ఇచ్చారు?”

“మరి నీ ముఖం చూసి ఇచ్చినారనుకున్నావా? బయపడబాక. వానలకు ముందే వెనక పెరట్లోనించి పంటకాలవ దాకా గండి తవ్వుకోవాలి. అందరం తవ్వుకుంటాం. నీ ఇంట్లో అంతకుముందున్నాయన కనకాంబరాలు వేసుకుంటానని గండి పూడ్చినాడు. అది తెరిస్తే నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే కాలవలోకి పోతాయి.”

అంటే మట్టి తవ్వాలి. వెంకటశేషమ్మ ఒప్పుకోలేదు. కూలిని పెట్టించినా ఒప్పుకోలేదు. ఎవరు తవ్వినా మట్టి ఆ ఇంటిదేగదా అన్నది. పాలు పొంగించిన లెక్కన ఇంటి యజమాని మాల్యాద్రి గనుక, అతడి ఇంట గర్భిణి లేదు గనుక, తొలి గడ్డపార దెబ్బ అతడి చేతిమీదుగా పడితే దోషముండదు. మాల్యాద్రికి కబురు వెళ్ళింది. నాట్లు కానీండి వస్తానన్నాడు. నాట్లు అయినాక కలుపన్నాడు. ఇళ్ళ వెనక వరసంతా గండ్లు తెరుచుకుంటూ వచ్చాయి. జయరామయ్య పెరడు మాత్రం కనకాంబరాలతో కళకళలాడుతున్నది.

దసరాకు మాల్యాద్రి పిలిస్తే వెంకటశేషమ్మ కోవూరు ప్రయాణమైంది. మధ్యలో పెన్న ఉందని జయరామయ్య గుర్తుచేశాడు. బస్సులో వారధి మీద పోతే కాలికి నీళ్ళు తగలవు గనుక దాటినట్టు కాదన్నదామె. అన్న ఇంటికి పోవడం ఆమెకు ఎంత అవసరమో ఆ వాదంలోని బలహీనతే చెప్పింది. అతడు పొడిగించలేదు.

ఆమె లేని ఆ నాలుగైదు రోజులలో పోస్టుమాను వచ్చి, “మాల్యాద్రి గారి ఇల్లు ఇదేనా?” అని అడిగాడు. కవరు మీద జయరామయ్య పేరే ఉన్నది. అయినా వరసలో ఎవరిని అడిగినా మాల్యాద్రి ఇల్లనే చెప్పారట. జయరామయ్య కవరు పుచ్చుకుని తలుపు వేసుకున్నాడు. పెట్టె అడుగున మద్రాసునుంచి తెచ్చుకున్న చెక్క బోర్డు ఉన్నది. నల్లని రంగు మీద తెల్లని అక్షరాలు: ఎ. జయరామయ్య, బి.ఏ. దాన్ని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తరవాత పచ్చడిబండతో వాకిలి పక్క గోడకు మేకు కొట్టి బోర్డు తగిలించి, వీధిలోకి వెళ్ళి, ఎదురుగా నిలబడి చూసుకున్నాడు. భార్య తిరిగివచ్చే ఉదయం దాన్ని తీసి పెట్టెలో పెట్టి, మేకు లాగి, ఆ రంధ్రంలో సబ్బుముక్క కూరి, పైన సున్నం రాశాడు.

ఆమె వచ్చిన వారంలోనే నెత్తురు కనపడింది.

మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ పరీక్షచేసి, బిడ్డ క్షేమంగానే ఉందనీ, అయితే కాన్పు దాకా తల్లి మంచం దిగరాదనీ, కుదుపు తగలరాదనీ ఖచ్చితంగా చెప్పింది. అదే ఆసుపత్రిలో నర్సు కరుణాకుమారి ఆ వరస చివరింట్లోనే ఉండేది. పొద్దునా సాయంత్రమూ వచ్చి చూసి వెళ్ళేది. “మాట వినకుండా మంచం దిగారంటే నేను మళ్ళీ రాను” అని ఆమె నవ్వుతూ బెదిరించేది. వెంకటశేషమ్మ నవ్వేది కాదు.

జయరామయ్యకు మేకుల మీదా మట్టి మీదా నమ్మకం లేదు. అది తన చదువు మీద ప్రమాణం చేసి చెప్పగలడు. అయినా వాకిలి దాటినప్పుడల్లా సున్నం రాసిన ఆ చోటు తాను ఎటు తిరిగినా తననే చూస్తున్నట్లుండేది. ఆఫీసులో అంకెలు వేస్తూ వేస్తూ మధ్యలో కలం ఆపేవాడు. నమ్మకం లేనివాడికి భయమూ ఉండదనుకోవడం ఎంత పొరపాటో ఆ రోజుల్లో తెలిసివచ్చింది. భార్యతో చెప్పేద్దామని రెండు మూడుసార్లు మంచం దగ్గరకు వెళ్ళి, కప్పుకున్న దుప్పటి సర్ది వచ్చేశాడు.

కార్తికంలో వాయుగుండం పట్టింది. వాన ఆగకుండా కురిసింది. చెరువు నిండి, మిగులు నీళ్ళు పోయే కలుజులు పారుతున్నాయని, పెన్న పొంగి కోవూరు వైపునుంచి బస్సులు నిలిచిపోయాయని ఆఫీసులో చెప్పుకున్నారు. అంటే మాల్యాద్రి రాడు. ఇంటికి వచ్చేసరికి పొయ్యి పక్క మూలలో నేల నల్లబడి చెమర్చి ఉన్నది. బట్టతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ చెమ్మ తేలింది. తెల్లవారేసరికి అది వంటింట్లో మడుగైంది. మధ్యాహ్నానికి వెంకటశేషమ్మ పడుకున్న వెనక గదిలోకి చల్లగా, చప్పుడు లేకుండా వచ్చింది. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టాడు. ముందు గదిలో పెంకుల సందుల్లోనుంచి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. మంచాన్ని అటు మార్చుదామన్నా గుమ్మంలో పట్టదు. మనిషిని ఎత్తరాదు.

పెంచలమ్మ గోనెపట్ట నెత్తిన వేసుకుని, చేతిలో గడ్డపారతో పెరటి వాకిట్లోకి వచ్చింది. వెనక గోడను వేలితో పొడిచి చూసింది. వేలు లోపలికి దిగింది.

“ఏందబ్బయా, ఇంకా చూస్తుండావా? పైన సున్నమే గాని లోపల బురద కట్టుబడి. ఈ నీళ్ళు ఇట్టాగే నిలిస్తే పొద్దు గూకేలోగా గోడ కూచుంటుంది. గోడ అవతల మంచముంది. పట్టు.”

జయరామయ్య గడ్డపార అందుకున్నాడు. గదిలోనుంచి భార్య గొంతు వినపడింది.

“మీరు దాన్ని పట్టుకున్నారా?”

“గోడ నానిపోయింది.”

“మీరు తవ్వితే నేను మంచం దిగుతాను. ఆ మాట మాత్రం గుర్తుంచుకోండి.”

“దిగితే ఏమవుతుందో నర్సమ్మ చెప్పింది గదా.”

“తవ్వితే ఏమవుతుందో నాకు తెలుసు గదా.”

ఆమె ఒక కాలు మంచం పట్టె మీదికి తెచ్చింది. అతడు గడ్డపారను గోడకు ఆనించి, నీళ్ళలో నడుచుకుంటూ లోపలికి వెళ్ళి, మంచం పక్కన నిలబడ్డాడు. వాదించడానికే వచ్చాడు. నీటి మట్టమూ, గోడ బలమూ, మూఢనమ్మకమూ వరసగా చెప్పాలనుకున్నాడు. కాని ఆ కాలు వైపు చూశాక నోట్లో ఒక్క వాక్యమూ మిగలలేదు. తవ్వడానికి అతడికీ చేతులు రావడం లేదు. ఆ సంగతి ఇప్పుడే స్పష్టంగా తెలిసింది.

“ఇదిగో, విను. దసరాకు నువ్వు లేనప్పుడు నేను మేకు కొట్టినాను.”

“యాడ?”

“వాకిట్లో. బోర్డు తగిలించడానికి.”

“ఏం బోర్డు?”

“నా పేరు బోర్డు.”

ఆమె మంచం పట్టె మీది కాలు వెనక్కు తీసుకున్నది.

“ఎవరు చదవాలని?”

“పోస్టుమాను మాల్యాద్రి ఇల్లేనా అని అడిగినాడు.”

“అందుకని నా బిడ్డ ఉన్న ఇంటికి మేకు దించినారు.” ఆమె వాకిలివైపు చూసింది. “తగిలించి, ఎదురుగా నిలబడి చూసుకున్నారా?”

ఆమె ముఖం గోడవైపు తిప్పుకున్నది. భుజాలు కదలడం కనిపించింది. కొంతసేపటికి అటు తిరిగే అన్నది.

“అయితే పెన్న దాటినందుకు కాదా?”

“ఏంది?”

“ఆ నెత్తురు. నేను ఏరు దాటినందుకనుకున్నా. ఇన్నాళ్ళూ అదే అనుకుంటా పడుకోనుండా. చెప్తే మీరు నవ్వుతారని చెప్పలేదు.”

“వారధి మీద దాటితే దాటినట్టు కాదని నువ్వే అన్నావే.”

“అన్నాను. బస్సు నడిమధ్యకు పోయేసరికి కిటికీలోనించి నీళ్ళు కనపడినాయి. అప్పుడే గుండె జారింది.”

“అదంతా ఉత్తిది. తప్పు నాది. మేకు వల్లనే.”

“మీకు మేకుల మీద నమ్మకం లేదుగా.”

“నీకు ఏటి మీద మాత్రం ఉందా? ఉంటే బస్సెక్కేదానివా?”

పెరటి గుమ్మంలో పెంచలమ్మ గోనెపట్ట పిండుకుంటూ అన్నది: “మీ పాపాలు రేపు తీరిగ్గా పంచుకోండి తల్లీ. ముందు గోడ సంగతి చూడండి.”

వెంకటశేషమ్మ వెల్లకిలా తిరిగి రెండు అరచేతులూ కడుపు మీద ఆనించుకున్నది. కళ్ళు మూసుకున్నది. లోపలినుంచి దేనికోసమో వింటున్నట్లున్నది.

“కదులుతా ఉంది” అన్నది. “మేకుకు ఓర్చుకుంది. ఏటికి ఓర్చుకుంది. మా అన్న ఎట్టాగూ రాడు.” కళ్ళు తెరిచింది. “ఇది మీ ఇల్లు కాదు, గుర్తుందా? మా అన్న ఇల్లు. ఈ ఇంటి ఆడబిడ్డగా చెప్తుండా, అల్లుణ్ణి పెరట్లో మట్టిపని చెయ్యమని. అల్లుడు చేసే పనికి ఇంటి దోషం అంటదు.”

“అల్లుడి చేత గండి తవ్వించినారంటే వరసంతా నవ్వుతుంది.”

“బోర్డు చూసి ఎట్టాగూ నవ్వే ఉంటారు” అన్నది. వెంటనే అతడి చెయ్యి పట్టుకున్నది. ఆమె వేళ్ళు మంచులా ఉన్నాయి. “తొలి దెబ్బ వేసే ముందు నాకు చెప్పండి. నేను చెయ్యి ఆనించి చూస్తా. కదిలిందని చెప్పినాకే రెండో దెబ్బ.”

అతడు పెరట్లోకి వెళ్ళి, పంచె ఎగగట్టి, కనకాంబరాల మధ్య పెంచలమ్మ చూపించిన చోట నిలబడ్డాడు.

“వేస్తున్నా” అని కేక వేశాడు.

గడ్డపార మెత్తని మట్టిలోకి దిగింది. దాన్ని పైకి తీయకుండానే ఎదురుచూశాడు. వాన నుదుటి మీదనుంచి కళ్ళలోకి కారుతున్నది.

“కదిలింది.”

రెండో దెబ్బ. మళ్ళీ ఎదురుచూపు. “ఊఁ, కదిలింది.” పెంచలమ్మ ఒక చెట్టును వేళ్ళతో సహా పీకి పక్కన పారేసింది. “ఇట్టా అడిగి అడిగి తవ్వితే సంక్రాంతికి పూర్తవుతుంది అబ్బయా” అని గొణిగింది గాని అతడిని తొందరపెట్టలేదు. అతడు వెయ్యడం, లోపలినుంచి ఆ మాట రావడం, మళ్ళీ వెయ్యడం. పాత గండి తాలూకు ఇసుక తగిలింది. తవ్విన గుంటలోకి ఇంటివైపునుంచి నీళ్ళు జారిరావడం మొదలైంది. చేతులు బొబ్బలెక్కుతున్నా అతడికి కొంచెం ధైర్యం వచ్చింది. తాను తవ్వుతున్నాడు, బిడ్డ కదులుతున్నది. ఈ రెండూ ఒకే లోకంలో జరగవచ్చు.

“వేస్తున్నా.”

లోపలినుంచి మాట రాలేదు.

“వేసినాను. ఏమైంది?”

వాన మోత. అతడు గడ్డపార వదిలేసి గుమ్మం వైపు అడుగు వేశాడు. కాళ్ళు బురదలో దిగబడ్డాయి. పెంచలమ్మ అతడి రొమ్ము మీద చెయ్యి పెట్టి ఆపి, తాను లోపలికి వెళ్ళింది. తిరిగి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆమె ముఖంలో హాస్యం లేదు.

“నొప్పులొచ్చినాయి. నేను పోయి నర్సమ్మను పిలుచుకొస్తా.”

“నేను లోపల ఉంటాను.”

“నువ్వుండి ఏం చేస్తావు? బిడ్డ ఆ గదిలో పుట్టాల, ఆ గోడ నిలబడాల. నీ పని ఇక్కడే.”

“నెల ఇంకా నిండలేదు గదా.”

“ఆ సంగతి బిడ్డకు ఎవరు చెప్పినారు?” అని ఆమె గోనెపట్ట మళ్ళీ తల మీదికి లాక్కుని వీధిలోకి వెళ్ళిపోయింది.

అతడు గుమ్మం పట్టుకుని లోపలికి చూశాడు. వెంకటశేషమ్మ పళ్ళు బిగించి, నులక పట్టుకుని ఉన్నది. అతడిని చూసి తల అడ్డంగా తిప్పింది. రావద్దనా, తవ్వవద్దనా అన్నది తెలియలేదు. అడిగే వ్యవధి లేదు. గోడ అడుగున ఒక పెచ్చు ఊడి నీళ్ళలో పడింది. అతడు వెనక్కు పరుగెత్తి గడ్డపార ఎత్తాడు.

ఇప్పుడు చెప్పేవారు లేరు. ప్రతి దెబ్బకూ చేతిలో బలం పోతున్నట్లుండేది. తాను పగలగొడుతున్నది మట్టినేనా అని అనుమానం. అయినా ఆపితే గోడ కూలుతుంది. కరుణాకుమారి చీలమండలోతు నీళ్ళలో గొడుగు పట్టుకుని పెరటి దారినే వచ్చింది. “వేడినీళ్ళు ఎక్కడ కాచుకోవాలి?” అని అడిగి, పొయ్యి మునిగిందని విని, “పెంచలమ్మ గారింట్లోనించి తెప్పిస్తాను, మీరు కానివ్వండి” అని చెప్పి తలుపు దగ్గరగా వేసింది.

అతడు కానిచ్చాడు. కనకాంబరాల వరస దాటాడు. కంచె కింద మట్టి గట్టిగా ఉన్నది. ఆ పాత ఇంటాయన ఇటుకముక్కలు కూరి మరీ పూడ్చాడు. గడ్డపార వాటి మీద పడి ఖంగుమనేది. ఆ చప్పుడుకు తలుపు వెనక మూలుగులు వినపడేవి కావు. వినపడకపోవడమే బాగున్నట్లు అనిపించింది. వెంటనే ఆ ఆలోచనకు సిగ్గు కలిగింది. మొదటి బిడ్డ ఏడుపు అతడు విన్నాడు, అది ఎంతో కాలం మిగలలేదు. రెండోసారి ట్రిప్లికేన్‌లో తలుపు బయట నిలబడి, రాని ఏడుపు కోసం చెవులు రిక్కించాడు. ఈసారి ఆ నిశ్శబ్దం ముందు నిలబడలేడు. అందుకే కొట్టాడు. ఇటుకముక్క పగిలితే ఇంకొకటి. కంచె అవతల పంటకాలవ ఎర్రగా, నిండుగా పారుతున్నది. ఆఖరి అడ్డు తొలగగానే గుంటలోని నీళ్ళు ఒక్కసారి వంపు తిరిగి, తెల్లని నురగతో, కనకాంబరాల ఆకులను తోసుకుంటూ కాలవలోకి దూకాయి.

వెనక్కి తిరిగి చూశాడు. గోడ నిలబడే ఉన్నది. అడుగున తడి చార వేలెడు దిగింది. పని అయిపోయింది. అయినా అతడు ఆగలేదు. గండిని లోతు చేశాడు. పక్కలు చెక్కాడు. నీళ్ళు ధారాళంగా పోతున్న చోటనే మళ్ళీ మళ్ళీ గడ్డపార దించాడు. అరచేతుల బొబ్బలు చితికి గడ్డపార జారుతున్నది. పంచె అంచు చుట్టుకుని పట్టుకున్నాడు. వాన తెరిపి ఇచ్చిందని కూడా గమనించలేదు. ఆపితే వినాలి. వినడం కంటే తవ్వడం సులువు.

“జయరామయ్య గారూ.”

ఎవరో పిలుస్తున్నారు. మరో దెబ్బ వేశాడు.

“జయరామయ్య గారూ, ఆ గడ్డపార ఆపుతారా?”

పెరటి గుమ్మంలో కరుణాకుమారి. చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. ముఖంలో ఏముందో అతడికి తెలియలేదు. చీకటి పడుతున్నది, ఆమె వెనక దీపం ఉన్నది.

“ఎందాకటినించి పిలుస్తున్నానో. మీ ఆవిడ అడుగుతున్నారు, ఆయన ఇంకా ఎందుకు కొడుతున్నారు, వినపడలేదా అని.”

“ఏం వినపడలేదా?”

“మీరు ఆ చప్పుడు ఆపితే గదా వినపడేది.”

గడ్డపార అతడి చేతిలోనుంచి జారి నీళ్ళలో పడింది. కరుణాకుమారి ఇంకేమీ చెప్పకుండా, తలుపు పూర్తిగా తెరిచి పక్కకు తొలగింది. గండిలో నీళ్ళు గలగల పోతున్నాయి. పెంకుల అంచులనుంచి బొట్లు పడుతున్నాయి. జయరామయ్య కదలలేదు. నీటి చప్పుడులోనుంచి వేరుచేసి పట్టుకోవడానికి శ్వాస కూడా ఆపి నిలబడ్డాడు.

చాలాసేపు ఏమీ లేదు.

తరవాత అది వచ్చింది. సన్నగా, కోపంగా, తనను లెక్కచేయని లోకం మీద ఫిర్యాదు చేస్తున్నట్లు. ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి మరింత గట్టిగా.